ఒక్క పూట అక్షరాభ్యాసం

మాఘ శుద్ధ పంచమిని మనం వసంత పంచమి అంటాం. పంచాంగం తిరగేస్తే అప్పటికింకా శిశిరమే. చైత్రం రావడానికి రెండు నెలలకు కాస్త తక్కువగా వ్యవధి ఉంటుంది. అయినా ఎవరూ తగాదా పెట్టుకోరు. రాబోయే వసంతానికి ఇది బయానా అనుకుని సరిపెట్టుకుంటారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ రోజు సరస్వతీదేవికి మనం ఇచ్చే మాట కూడా బయానాతోనే ఆగిపోతోంది. మిగతా బాకీ తీర్చే నాథుడు లేడు.

ఆ తెల్లవారుజామున బాసరలో చూడాలి సందడి! గోదావరిలో మునకలు, అంతులేని క్యూలు. నాన్న ఒళ్ళో పిల్లవాడు, ముందు పళ్ళెంలో బియ్యం. అయ్యగారు ఆ చిట్టి వేలు పట్టుకుని "ఓం నమశ్శివాయ సిద్ధం నమః" దిద్దిస్తారు. వాడు ఆరున్నొక్క రాగం అందుకుంటాడు. అమ్మ కళ్ళు చెమరుస్తాయి. బాసర దాకా పోలేని ఆబిడ్స్, నాంపల్లి వాళ్ళు ఇంట్లోనే పీట వేసి, పలకా బలపం పెట్టి వేడుక కానిస్తారు. మన ఇళ్ళల్లో ఎక్కడ చేసినా దిద్దించేవి మాత్రం తెలుగు అక్షరాలే.

జూన్ నెల రానివ్వండి. పలక అటకెక్కుతుంది. ఆ వేలు మళ్ళీ తెలుగు 'అ' రాస్తే బళ్ళో పీరియడు ఉన్నప్పుడే. ఇంటికి చుట్టాలొస్తే తల్లి ముసిముసిగా నవ్వుతూ, "మావాడికి తెలుగు చదవడం రాదండీ" అంటుంది. ఆ అనడంలో బాధ వినిపిస్తే ఒట్టు! పదకొండో తరగతికి వచ్చేసరికి మార్కులు బాగా పడతాయని సంస్కృతం పుచ్చుకుంటారు. దేవభాష మీద భక్తి అనుకునేరు, కాదు. భక్తంతా మార్కుల మీదే.

"ఇంగ్లీషు వద్దంటారా?" అని మీరు అడుగుతారు. అనను. ఇంగ్లీషు కూడు పెడుతుంది, చక్కగా నేర్పించండి. ఒక భాష నేర్చినంత మాత్రాన రెండోదాన్ని గెంటెయ్యాలని ఏ శాస్త్రంలో ఉంది? "ఇంట్లో మాట్లాడుతున్నాం గదా, చదవడం దేనికి?" అనేవాళ్ళూ ఉన్నారు. చెవితో మాత్రమే నేర్చిన భాషలో తాతగారి ఉత్తరం చదవలేం. మనవడు ఆ ఉత్తరాన్ని తలకిందులుగా పట్టుకున్నా తెలుసుకోలేడు.

ఈ అక్షరం కోసం మన పేటల్లో ఏం జరిగిందో ఒక్కసారి చూడండి. 1901లోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. సుల్తాన్ బజారులో అది ఇప్పటికీ ఉంది. 1921లో వివేకవర్ధిని థియేటరులో జరిగిన సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం దిగమింగలేక ఆ రాత్రే కొందరు ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. ఇక్కడ కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 1943లో సారస్వత పరిషత్తు పుట్టింది. తెలుగు పరీక్షలు పెట్టి జనం చేత చదివించింది. ఆబిడ్స్ నుంచి తిలక్ రోడ్డులోకి తిరిగితే ఆ భవనం ఈనాటికీ కనబడుతుంది. 1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయం ఏళ్ళ తరబడి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనే నడిచింది.

నిజాం కాలంలో కచేరీలో, కాలేజీలో ఉర్దూదే రాజ్యం. తెలుగుకు ఇల్లే దిక్కు. ఇప్పుడో? తెలంగాణలో 2018లో చట్టం చేసి మరీ పదో తరగతి దాకా బళ్ళో తెలుగు చెప్పమన్నారు. బడికి చట్టం వచ్చింది సరే, ఇంటికి ఏ చట్టం తెస్తారు? అప్పుడు తెలుగును వెళ్ళగొట్టింది పరాయి ప్రభుత్వమని కోపగించుకున్నాం. ఇప్పుడు వెళ్ళగొడుతున్నది మనమే. మరి కోపం ఎవరి మీద తెచ్చుకుందాం?

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగు గైడ్ల కింద నలిగి ఒక తెలుగు నవల దొరుకుతుంది. మొదటి పేజీలో సిరాతో ఎవరిదో పేరు, కొన్న తేదీ. ఆ పెద్దమనిషి పోగానే చదవడం రాని వారసులు బీరువా ఖాళీ చేసి తూకానికి వేసి ఉంటారు. పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే జాతి మనది! పాదం తగిలితే పాపమట, తక్కెడ తగిలితే పర్వాలేదట!

అమ్మా, అయ్యా, బాసర వెళ్ళండి. పూజ చెయ్యండి. తిరిగొచ్చాక ఆ పలకను అటకెక్కించకండి. రోజుకు పది నిమిషాలు, ఏడాది పాటు, మీరే దిద్దించండి. ఆదివారం పిల్లవాణ్ణి ఆబిడ్స్ తీసుకెళ్ళి బొమ్మలున్న తెలుగు కథల పుస్తకం ఒకటి వాడి చేతే ఏరించండి. నుమాయిష్‌లో ఒక సాయంత్రం చేసే ఖర్చులో పదోవంతు కూడా కాదు.

నశించనిదని గదా దానికి అక్షరం అని పేరు పెట్టారు. బియ్యంలో రాసింది చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. దాన్ని చెరగకుండా పలక మీదికీ, పలక మీంచి పుస్తకంలోకీ ఎక్కించవలసింది అయ్యగారు కాదు. ఆయన పని ఆ పూటతో అయిపోయింది.