తెలుగు విశ్వవిద్యాలయంలో పియానోకు చోటివ్వండి

సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి,

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగితే ఎంసెట్ నుంచి జావా దాకా నేర్పేవాళ్లు దొరుకుతారు. పేరు ఎప్పుడో మారినా అక్కడ అది ఇంకా ఎంసెట్టే! ఎల్బీనగర్ దాకా కీబోర్డు నేర్చుకునే పిల్లలకూ కొదవ లేదు. పట్టుదల ఉన్నవాళ్లు ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడు పరీక్షలు రాస్తారు. ఎనిమిదో గ్రేడు దాటినా అది డిగ్రీ కాదు. ఆపైన చాలామంది చూపు చెన్నై వైపే, ఏఆర్ రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ వైపు.

పియానో పరాయిదంటారా? వయొలిన్ కూడా అంతేగా! ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ద్వారం వెంకటస్వామినాయుడు విజయనగరం సంగీత కళాశాలలో ఆ వాద్యమే నేర్పి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు.

నిజమే, పియానోలో స్వరస్థానాలు బిగించి ఉంటాయి, గమకం పలకదు. కాబట్టి దాన్ని కర్ణాటక సిలబస్‌లో ఇరికించనక్కర్లేదు. పాశ్చాత్య స్వరలిపి, హార్మనీలతో వేరే కోర్సుగా పెట్టవచ్చు.

అడిగేది పెద్ద భవనమేమీ కాదు. 61 మెట్ల తేలికపాటి కీబోర్డుకు అలవాటైన వేళ్లకు 88 మెట్ల బరువు తెలియాలంటే అసలు పియానో ఒకటి ఉండాలి, దానికి క్రమం తప్పకుండా ట్యూనింగ్ జరగాలి. సాధనకు నాలుగు డిజిటల్ పియానోలు, హెడ్‌ఫోన్లు చాలు.

మొదట సాయంత్రపు సర్టిఫికెట్ కోర్సుగానైనా పెట్టండి. ఎల్బీనగర్‌లో ఎక్కినవాళ్లు రైలు మారకుండా మియాపూర్‌లో దిగుతారు. బాచుపల్లి ప్రాంగణానికి అక్కడి నుంచి బస్సు వేళలు కుదిరిస్తే చాలు.

ఇట్లు,
తూర్పు హైదరాబాద్ సంగీతాభిమాని