కాటికి దారేది?

పాడె ఊరు దాటాక ఒకచోట దించుతారు. పోయిన మనిషి చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలుకుతారేమోనన్న చివరి ఆశ. దాన్నే దింపుడు కళ్లం అంటాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో వానాకాలం చావొస్తే, చాలాచోట్ల ఆ పాడె దించడానికి ఆరిన నేల ఉండదు. మోసేవాళ్లు మోకాలి లోతు మడిలో, గట్టు మీద కాలు జారకుండా ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడుస్తారు. తీరా చేరాక అక్కడ కనిపించేది రేకులు లేచిపోయిన షెడ్డు, నీళ్లు రాని బోరు, నిలువెత్తు తుప్పలు. చితి ఆ షెడ్డులో పేర్చరు. ఏటి ఒడ్డునో, చెరువు గర్భంలోనో పేర్చి పట్టా కప్పి కిరోసిన్ పోస్తారు. నాగావళికో వంశధారకో వరదొస్తే ఆ ఒడ్డూ ఉండదు.

డబ్బు పెట్టి కట్టిన షెడ్డు ఎందుకు పాడుబడింది? షెడ్డుకు బిల్లు చాలు. దారికి భూమి కావాలి. భూమి అడిగితే ఊళ్లో ఎవరో ఒక ఆసామితో తగువు పెట్టుకోవాలి. అందుకే షెడ్డు కట్టి, ఫొటో తీసి, దారి సంగతి వదిలేస్తారు. ఈలోగా కాటి పక్క పొలం గట్టు ఏటా ఒక చాలు లోపలికి జరుగుతుంది. పదేళ్లకు సగం కాడు వరిచేను. దళితవాడల పరిస్థితి ఇంకా అన్యాయం. చాలాచోట్ల వాళ్లకు వేరే కాడు, దానికి దారి మాత్రం పెద్ద కులాల పొలాల్లోంచి. నాటు వేశాక శవాన్ని ఆపేస్తే, ఆ ఇంటివాళ్లు ఏడవాలా, బతిమాలుకోవాలా? ఊరికి ఒకటే కాడు ఉండాలి, అది అందరిదీ కావాలి. ఇందులో రాజీకి తావు లేదని మా అభిప్రాయం.

ఇదేదో దయతో చేయాల్సిన పని కాదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం శ్మశానాల ఏర్పాటు, నిర్వహణ, దిక్కులేని శవాల అంత్యక్రియలను పంచాయతీ విధుల్లో చేర్చింది. పట్టణాల్లో ఇది పురపాలికల పనేనని రాజ్యాంగం 12వ షెడ్యూలు చెబుతోంది. 21వ అధికరణం ఇచ్చే గౌరవం చనిపోయినవారికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే పరమానంద్ కటారా కేసులో అన్నది.

అయినా 2020 జూన్‌లో పలాసలో కరోనా సోకిన 72 ఏళ్ల వృద్ధుడి మృతదేహాన్ని జేసీబీ తొట్టెలో తరలించారు. దేశమంతా చూసింది. ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే ప్రాంతంలో పొలాల్లో పడివున్న గుర్తు తెలియని వృద్ధుడి శవాన్ని మోయడానికి జనం ముందుకు రాకపోతే, కాశీబుగ్గ ఎస్సై శిరీష భుజానికెత్తుకుని గట్ల వెంట నడిచారు. ఆమెకు ఎంత మొక్కినా తక్కువే. కానీ స్థానిక సంస్థ చేయాల్సిన పని ఒక ఎస్సై భుజాన పడింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. పైగా కిడ్నీ జబ్బుతో ఏళ్లుగా మనుషులను పోగొట్టుకుంటున్న ఇదే పలాస పరిసరాల ఉద్దానంలో కాటికి వెళ్లడం ఎప్పుడో వచ్చే అవసరం కాదు.

చేయాల్సింది చాలా సూటిగా ఉంది. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ప్రతి కాడుకూ, దానికి వెళ్లే దారికీ హద్దురాళ్లు పాతాలి. ఆక్రమణ తేలితే, ఆక్రమించినవాడు ఎంతటివాడైనా తహసీల్దారు తొలగించాలి. మాకు ముందు దారి కావాలి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే షెడ్డు. దారి లేని చోట కొత్త షెడ్డుకు ఒక్క రూపాయి కూడా మంజూరు చేయకూడదు. కట్టి వదిలేసినవాటికి తాళం ఎవరి దగ్గరుంది, తుప్పలు ఎవరు కొట్టాలి అన్నది పంచాయతీ తీర్మానంలో పేరుతో సహా రాయాలి. కాటికాపరికి నెలనెలా జీతం ఇవ్వాలి. శవం వచ్చిన రోజు చేతిలో పెట్టే చిల్లరతో అతని ఇల్లు గడవదు.

ఈసారి గ్రామసభలో మీ సర్పంచిని నిలబెట్టి అడగండి: మన ఊరి కాడు సర్వే నంబరు ఎంత, విస్తీర్ణం ఎంత, దారి ఏ గట్టున పోతుంది? జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించి, కింద మీ సంతకం పెట్టండి.