ఈ ఉగాదికి ఏ రంగు?

మన శాఖ ఉగాది వేడుకకి ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఈసారి అమ్మాయిలందరం ఆఫ్‌వైట్ చీరలోనో ఆఫ్‌వైట్ చుడీదార్‌లోనో రావాలనీ, దానికి బంగారు రంగు అంచు ఉండాలనీ మన క్లాసులో ఒక ప్రతిపాదన వచ్చింది. ఫోటోల్లో బాగుంటుంది, హుందాగా ఉంటుంది అన్నారు. చేతులెత్తమంటే చాలామంది ఎత్తారు. నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదని అడిగితే అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. చెప్పాల్సిన మాటలన్నీ ఇంటికి పోయే బస్సులో గుర్తొచ్చాయి. శుక్రవారం మీటింగు లోపల నలుగురూ చదువుతారని వాటిని ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. నాకు లేత రంగుల మీద ఏ కోపమూ లేదు. నాకున్నవి రెండు ఆఫ్‌వైట్ ప్యాంట్లు, ఒక బూడిద రంగు ప్యాంటు, ఎనిమిది టాపులు. ఆ మూడు ప్యాంట్లు లేకపోతే నాకు వారం గడవదు. ఎనిమిది టాపులకీ జతగా ఎనిమిది ప్యాంట్లు కొనే స్తోమత మా ఇంట్లో లేదు. కింద లేత రంగు ఉంటే పైన నేరేడు రంగైనా, మెంతి రంగైనా, చిలకపచ్చైనా కలిసిపోతుంది. పైగా లేత రంగు గుడ్డ ఎండని తక్కువగా పీల్చుకుంటుంది. మదరాసులో మార్చి నుంచే ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కష్టమల్లా బస్సు కమ్మీల తుప్పుతోనూ క్యాంటీన్ సాంబారుతోనూ.

ఇలాంటి రంగుల్ని ఇంగ్లీషులో న్యూట్రల్స్ అంటారు. తెలుగులో ఏమంటారని మా అవ్వని అడిగాను. కాసేపు ఆలోచించి, "వెలిసిపోయిన రంగులా?" అంది. కాదవ్వా అని నా ఫోన్‌లో ఉన్న వసంతకాలపు బట్టల బొమ్మలు చూపించాను. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి చెప్పుకుంటూ పోయింది. ఇది మీగడ రంగు, ఇది గంధం, ఇది ఉల్లిపొర, ఇది గచ్చకాయ రంగు. పక్కనే కూర్చున్న మా పాట్టి, అంటే మా నాన్న వాళ్ళమ్మ, తమిళంలో అందుకుంది. గంధాన్ని సందనం అంది, బూడిదని సాంబల్ అంది. అవ్వ లక్క రంగు అన్నదాన్ని పాట్టి అరక్కు అంది. చూస్తే రెండూ ఒకే లక్క. రెండు భాషల్లోనూ ప్రతి రంగుకీ ఒక పేరుంది. ఆ పేరు వెనక వంటింట్లోదో పెరట్లోదో ఒక వస్తువు ఉంది. వాటన్నిటినీ ఒక గంపలో పోసి, ఇవి రంగులే కావు అన్నట్టు పిలిచే మాట మాత్రం ఇద్దరికీ తట్టలేదు. పుస్తకాల్లో తటస్థ వర్ణాలు అని రాస్తారు. కానీ కొట్టుకి పోయి "తటస్థ రంగులో చీర చూపించండి" అని ఎవరమూ అనం కదా.

మన ఊరు గుడ్డ మీద పెరిగిన ఊరు. 1734లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు కూవం ఒడ్డున నేతగాళ్ళ కోసం ఒక పేట కట్టించారు. అదే చింతాద్రిపేట. గుడ్డలు చలవ చేసేవాళ్ళ పేరుతో చాకలిపేట ఉంది. మగ్గం మీంచి దిగి ఇంకా చలవకి పోని గుడ్డని కోరా గుడ్డ అంటాం. అది తెలుపు కాదు, కొంచెం మట్టి రంగు కలిసినట్టు ఉంటుంది. అంటే మనవాళ్ళకి తెలుపు కూడా ఊరికే వచ్చేది కాదు, పనిచేసి తెచ్చుకునేది.

పోయినేడు మా ఇంటివాళ్ళం శ్రీకాళహస్తి వెళ్ళినప్పుడు కలంకారీ వేసేవాళ్ళ దగ్గర ఇంకొకటి చూశాను. బొమ్మ వెయ్యకముందు గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఎండబెడతారు. అప్పుడది లేత మీగడ రంగుకి తిరుగుతుంది. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి పులియబెట్టిన ద్రవంతో దాని మీద గీస్తారు. ఆ ఇనుమూ గుడ్డలోని కరక్కాయా కలిసినప్పుడే గీత నల్లగా తేలుతుంది. పాలు ఉండబట్టి రంగు పక్కకి పాకదు. మనం వెనక ఉందిలే అని వదిలేసే ఆ లేత రంగు లేకపోతే బొమ్మే లేదు. కాబట్టి లేత రంగు తక్కువది అని నేను అనడం లేదు. దాన్ని అక్కడ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు ఫోన్‌లో మనం చూసే వసంతకాలపు రంగుల జాబితాలు ఎక్కువగా చలి దేశాలవి. అక్కడ నెలల తరబడి నల్ల కోట్లు, ముదురు ఉన్ని బట్టలు వేసుకుని ఉంటారు. మంచు కరిగాక లేత గోధుమ రంగు, మీగడ రంగు వేసుకుంటే వాళ్ళకి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. అది వాళ్ళ వసంతం, వాళ్ళకి న్యాయమే. మనకి విప్పి పక్కన పెట్టడానికి కోటే లేదు. మన వసంతంలో మామిడి చిగురు రాగి రంగులో వస్తుంది, కానుగ చెట్టు లేతాకుపచ్చగా మెరుస్తుంది, వేపపువ్వు మీగడ రంగులో రాలుతుంది. ముదురూ లేతా అన్నీ ఒకే వీధిలో ఉంటాయి. ఉగాది నాడు కొత్త గుడ్డ కట్టుకునే ముందు కొసకి పసుపు పెడతాం. తెల్లగుడ్డనైనా ఆ ఒక్క చుక్క రంగు లేకుండా కట్టుకోం.

ఆఫ్‌వైట్‌కి బంగారు అంచు అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఓణం. మలయాళం అమ్మాయిలు ఆ రోజు కసవు చీరల్లో వస్తే చూడముచ్చటగా ఉంటుంది. అందులో వాళ్ళ మగ్గం ఉంది, వాళ్ళ ఆచారం ఉంది. దాన్ని మన ఉగాదికి అరువు తెచ్చుకుని హుందాతనం అని పేరు పెట్టడం ఎందుకో నాకు అర్థం కాలేదు. రంగు కట్టుకుంటే హుందాతనం ఎక్కడికి పోతుంది?

ఇంతవరకూ చెప్పింది అభిరుచి సంగతి. అంతే అయితే ఇంత రాసేదాన్ని కాదు. మిగిలిన రెండు సంగతులు రాయడానికి కొంచెం కష్టంగానే ఉంది.

పోయిన దీపావళికి ఒక పెద్ద బట్టల కొట్లో ఆవపువ్వు రంగు టాపు ఒకటి చేతికి తీసుకున్నాను. అమ్మే అక్క దాన్ని మెల్లగా నా చేతిలోంచి తీసేసి, "ఉన్ కలర్‌కు ఇదు ఎడుప్పా ఇరుక్కాదు మా" అని, గోధుమ రంగుది పెట్టింది. నీ ఛాయకి ఇది నప్పదు అని అర్థం. ఆమె చెడ్డది కాదు, నాకు మంచే చేస్తున్నాననుకుంది. మా అమ్మ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. గోధుమ రంగుదే కొన్నాం. చామనఛాయ వాళ్ళం, అంతకన్నా నలుపు వాళ్ళం ఈ క్లాసులో సగానికి పైగా ఉన్నాం. మనలో ఈ మాట వినని వాళ్ళు ఎంతమంది? చిన్నప్పటి నుంచి విని విని, ఇప్పుడు కొట్లో ఎవరూ అనక్కర్లేకుండానే మనమే లేత రంగుల అర వైపు నడుస్తాం. తర్వాత అదే నా అభిరుచి అని చెప్పుకుంటాం. అది నిజంగా అభిరుచి అయితే సరే. కానీ ఆ టాపు వేసుకున్న ప్రతిసారీ నాకు ఆ అక్క మాటే వినపడుతుంది.

రెండోది మా అవ్వ సంగతి. మా తాత పోయి తొమ్మిదేళ్ళు. అంతకు ముందు ఫోటోల్లో అవ్వ నెమలికంఠం రంగులో ఉంటుంది, వంకాయ రంగులో ఉంటుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి పేరుతో పిలుచుకునే ఆ నీలం ఉంది కదా, ఆ ఎం.ఎస్. బ్లూ కంచిపట్టు చీర ఒకటి అవ్వకి ఉంది. తెల్లగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. ఈ తొమ్మిదేళ్ళలో దాన్ని మడత మార్చడానికి తప్ప బయటికి తీయలేదు. మా ఇంట్లో ఎవరూ ఆమెని రంగులు కట్టుకోవద్దనలేదు. మేం అలాంటివాళ్ళం కాదని అనుకుంటాం. కానీ ప్రతి పండక్కీ అందరికీ రంగు చీరలు తెచ్చి, అవ్వకి మాత్రం "లేతది" తెస్తాం. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడగనూ లేదు. అవ్వకి లేత రంగులే ఇష్టం అని నేనే ఎన్నోసార్లు స్నేహితురాళ్ళతో చెప్పాను.

1881లో వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారని మనం పరీక్షల్లో రాస్తాం. నేనూ బాగానే రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ఆ జవాబు రాసిన చేత్తోనే ఇంటికి పోయి అవ్వకి గంధం రంగు చీర అందించాను. రెంటికీ ఏదో సంబంధం ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

మనకి ఆఫ్‌వైట్ ఒక రోజు ముచ్చట. ఫోటో తీసుకుని మర్నాడు మళ్ళీ ఎర్ర చుడీదార్ వేసుకుంటాం. కానీ వేడుకకి వచ్చే అమ్మల్లో, అవ్వల్లో కొందరికి అది ఒక రోజుది కాదు. అందుకే ఆ రంగుని అందరి మీదా నియమంగా పెట్టడానికి నాకు చెయ్యి లేవలేదు.

దీనికి నా స్నేహితురాలు ఒకామె చెప్పిన జవాబు కూడా రాయాలి, ఎందుకంటే అది న్యాయమైన మాట. "అందరూ ఒకే రంగు అయితే ఎవరి చీర ఎంత ఖరీదో తెలియదు. రంగులు వదిలేస్తే ఒకతె కంచిపట్టులో వస్తుంది, ఇంకొకతె పాత చుడీదార్‌లో వచ్చి వెనక వరసలో కూర్చుంటుంది" అంది. ఈ మాట నన్ను రెండు రోజులు ఆలోచనలో పెట్టింది. కానీ నిజంగా ఆలోచిస్తే, ఆఫ్‌వైట్‌లోనూ పట్టు ఉంది, నూలు ఉంది. జరీ అంచు వెడల్పులో ఖరీదు ఇంకా బాగా కనపడుతుంది. పైగా ఇంట్లో ఆఫ్‌వైట్ లేనివాళ్ళు ఈ ఒక్క రోజు కోసం కొత్తది కొనాలి. ఖరీదు కనపడకూడదన్నదే మన ఉద్దేశం అయితే, నియమం ఖరీదు మీద పెడదాం. కొత్తది కొనకూడదు, ఇంట్లో ఉన్నదే కట్టుకోవాలి అందాం. అమ్మదీ, అక్కదీ, పక్కింటి పిన్నిదీ అయినా సరే. నూలుదే కట్టుకుందాం అన్నా నాకు సమ్మతమే. రంగు మాత్రం ఎవరిది వాళ్ళకి వదిలేద్దాం.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే ఇది సగం నిజం అవుతుంది. పోయిన శనివారం అమ్మా నేనూ అవ్వని వెంటపెట్టుకుని కో-ఆప్టెక్స్‌కి వెళ్ళాం. ఉగాది చీర ఈసారి నువ్వే ఏరుకో అవ్వా అన్నాను. నోటితో అలా అన్నానే గానీ, నా చెయ్యి అప్పటికే ఒక చిలకపచ్చ చీర లాగి ఆమె భుజం మీద వేసింది. అవ్వ అద్దంలో చూసుకుని నవ్వింది. "ఇది నీకు నచ్చిందా, నాకు నచ్చిందా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. కొట్టు అక్క గోధుమ రంగు పెట్టినట్టే నేను పచ్చ పెట్టాను. రంగు మారింది గానీ పద్ధతి మారలేదు.

తర్వాత అవ్వ దాదాపు ముప్పావు గంట చూసింది. గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసింది, వెలుతురులోకి తీసుకుపోయి చూసింది. చివరికి గచ్చకాయ రంగు నూలు చీర ఏరుకుంది. లక్క రంగు అంచు, జానెడు వెడల్పు. మీ జాబితాల ప్రకారం అది న్యూట్రలే. కానీ తొమ్మిదేళ్ళలో ఆమె చేతులారా ఏరుకున్న మొదటి చీర అది. బిల్లు కట్టే చోట అది తీసుకున్నారా అని ఎవరో అడిగితే, "నేనే ఎత్తుకున్నాను" అని చెప్పింది. పచ్చ చీర నాకు ఇష్టమే గానీ, రెండు కొనే డబ్బు తీసుకుపోలేదు. అది అక్కడే ఉంది.

అందుకని శుక్రవారం నా మనవి ఇది. ఏ రంగు అని చేతులెత్తించే ముందు, అసలు ఒకే రంగు కావాలా అని అడగండి. కావాలనుకునే వాళ్ళు ఆఫ్‌వైట్‌లోనే రండి, బాగుంటారు. నేరేడు రంగులో రావాలనుకునే వాళ్ళని ఎందుకని అడక్కండి. నీ ఛాయకి నప్పదు అనే మాట ఆ రోజుకైనా మన శాఖ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. వీలైతే ఇంటికి పోయి, మీ ఇంట్లో ఎప్పుడూ లేత రంగులే కట్టుకునే పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈసారి నీకు ఏది కావాలి అని అడిగి చూడండి. అడిగాక వాళ్ళు చెప్పేదాకా మాత్రం మీ చెయ్యి ఏ చీర మీదికీ పోనివ్వకండి. నేను అక్కడే తప్పు చేశాను.

వేడుకకి మా అవ్వ వస్తుంది. గచ్చకాయ రంగు చీరలో ఉంటుంది.