వేడి దీపం నుంచి చల్లని దీపానికి

1881వ సంవత్సరం డిసెంబరు నెల రంగస్థల దీపాల చరిత్రలో మరపురానిది. ఆ నెల 8వ తేదీ సాయంత్రం వియన్నా నగరంలోని రింగ్ థియేటర్‌లో ప్రదర్శన ఆరంభం కావలసిన వేళ గ్యాసు దీపాలు వెలిగించబోగా నిప్పంటుకున్నది. 380 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సరిగ్గా ఇరవై దినాల తరువాత లండనులో సవాయ్ థియేటర్ యజమాని రిచర్డ్ డి'ఓయిలీ కార్ట్ వేదికపైకి వచ్చి, వెలుగుతున్న విద్యుద్దీపాన్ని పలుచని మస్లిన్ గుడ్డలో చుట్టి, ప్రేక్షకులందరూ చూస్తుండగా పగులగొట్టాడు. దీపం ఆరిపోయింది, గుడ్డ మాత్రం కాలలేదు. వేదిక యావత్తూ విద్యుద్దీపాలతో వెలిగిన ఆ ప్రదర్శనకు ప్రేక్షకులు నిర్భయంగా కూర్చున్నారు.

దీపం మారినప్పుడల్లా రంగస్థలం ఒక భయాన్ని విడిచి, ఒక కొత్త సమస్యను స్వీకరిస్తూ వచ్చింది. నేడు నైట్ క్లబ్బుల వేదికలపై జరుగుతున్న మార్పు కూడా అటువంటిదే. దశాబ్దాల పాటు పాటకులను, నర్తకులను, వాద్యబృందాలను వెలిగించిన హాలొజన్ దీపాలు దిగిపోతున్నవి. వాటి స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు ఎక్కుతున్నవి. బల్బు తీసి బల్బు పెట్టినంత సులువుగా ఈ పని జరుగుతుందని యజమానులు తలచడం సహజం. భారతదేశంలో 2015 జనవరిలో ఆరంభమైన ఉజాలా పథకం క్రింద 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు ఇళ్లకు చేరినవి. ఇంటిలో మార్పు నిజంగానే సులువు. వేదికపై అంత సులువు కాదు.

నిప్పుకణికె వంటి దీపం

హాలొజన్ దీపానికి 1959లో అమెరికాలో జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థ పేటెంటు పొందింది. పాత బల్బులో టంగ్‌స్టన్ తీగ కాలక్రమాన ఆవిరై, గాజు లోపలి గోడకు నల్లని మసిగా అంటుకునేది. కొత్త దీపంలో అయొడిన్ లేక బ్రోమిన్ వాయువును కొద్దిగా చేర్చారు. ఆవిరైన టంగ్‌స్టన్ ఆ వాయువుతో కలిసి, తిరిగి వేడి తీగ చెంతకు చేరి, అక్కడ విడిపోయి తీగపైనే స్థిరపడుతుంది. అందువలన గాజు నల్లబడదు. తీగను మరింత వేడి చేసి, మరింత తెల్లని వెలుగు రాబట్టవచ్చు.

క్లబ్బులకు, సంగీత ప్రదర్శనలకు ఎక్కువగా పనికివచ్చినది 'పార్ 64' అను దీపం. 64 అనగా అంగుళంలో ఎనిమిదో వంతులు అరువది నాలుగు. దీపం ముఖం వెడల్పు ఎనిమిది అంగుళాలన్నమాట. మోటారు కార్ల ముందు దీపం వలె తీగ, అద్దం, గాజు అన్నీ ఒకే ముద్దగా అమరి ఉంటవి. దానిని పొడవాటి రేకు డబ్బాలో బిగించి, ముందు రంగు జిలెటిన్ కాగితం తగిలిస్తే చాలు. చవక, తేలిక, దెబ్బలకు ఓర్చుకునేది. 1970 దశకంలో ఊరూరా తిరిగే రాక్ సంగీత బృందాలు దీనిని తమ సొంతం చేసుకున్నవి.

దీనిలోని లోపం ఒక్కటే, కాని పెద్దది. తీసుకున్న విద్యుత్తులో నూటికి పది వంతులైనా కంటికి కనబడే వెలుగుగా మారదు, మిగిలినదంతా వేడి. ఆపైన రంగు కాగితం ఉన్న వెలుగులోనే కోత పెడుతుంది. కొన్ని గాఢ నీలాలలో నూటికి రెండు మూడు వంతుల వెలుగు మాత్రమే అవతలికి దాటుతుంది. కాగితం ఆపివేసిన వెలుగు ఆ కాగితాన్నే వేడెక్కించి వెలవెలబోయేలా చేస్తుంది. 1000 వాట్ల పార్ బల్బు ఆయుష్షు సుమారు 300 గంటలు. రాత్రికి ఐదు గంటలు వెలిగిస్తే రెండు నెలలకొకసారి నిచ్చెన ఎక్కక తప్పదు.

లెక్క చెప్పే మాట

ఉదాహరణకు ఒక చిన్న క్లబ్బు వేదికపై 1000 వాట్ల దీపాలు పన్నెండు ఉన్నవనుకుందాము. అన్నీ పూర్తిగా వెలిగితే 12 కిలోవాట్లు. ఐదు గంటలకు 60 యూనిట్లు. వాటి స్థానంలో 200 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు పన్నెండు పెడితే 12 యూనిట్లు. ఆదా 48 యూనిట్లు. లెక్క ఇక్కడితో ముగియదు. మూసిన గదిలో పుట్టిన వేడిని ఎయిర్ కండిషనరు బయటకు తోయవలసి ఉన్నది. 12 కిలోవాట్ల వేడికి దాదాపు మూడున్నర టన్నుల యంత్రం కావలె. వేదిక వేడి తగ్గినందున రాత్రికి మరి 16 యూనిట్ల వరకు మిగులుతవి. మొత్తం 64 యూనిట్లు. సంవత్సరంలో 300 రాత్రులకు 19,200 యూనిట్లు.

అయితే అన్ని దీపాలూ అన్ని వేళలా పూర్తిగా వెలగవు. సగం అనుకున్నా 9,600 యూనిట్లు. యూనిట్ పది రూపాయలైతే సాలుకు సుమారు లక్ష రూపాయలు. బల్బుల ఖర్చు, జిలెటిన్ ఖర్చు దీనికి అదనం. అంకెలు క్లబ్బును బట్టి మారవచ్చు; లెక్క వేసే తీరు మాత్రం మారదు. దీపం విద్యుత్తును, చల్లదనపు విద్యుత్తును కలిపి చూడని యజమాని సగం లెక్కే చూసినట్లు.

రూపాయలలోకి రాని లాభం కూడా కలదు. హాలొజన్ దీపాల వరుస క్రింద గంటసేపు పాడే మనిషి చెమటతో తడిసిపోతాడు; ముఖాన పూత కారుతుంది; తీగ వాద్యాల శ్రుతి తప్పుతుంది. ఎల్.ఇ.డి. దీపం ముందుకు విసిరే వెలుగులో ఆ వేడి దాదాపు లేనట్లే. ఈ మార్పుకు మొదట సంతోషించేది వేదికపై నిలుచున్నవారే.

చిన్న పలుకు చేసే పని

ఎల్.ఇ.డి. దీపంలో కాలే తీగ ఉండదు. అర్ధవాహక స్ఫటికం గుండా విద్యుత్తు ప్రవహించగా వెలుగు నేరుగా పుడుతుంది. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడే ఎర్రని వెలుగు నిచ్చే దీపాన్ని చేశాడు. నీలి వెలుగు చిక్కడానికి మరి మూడు దశాబ్దాలు పట్టింది. ఆ కృషికి జపాన్‌లో పుట్టిన శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ చేతికి వచ్చిన తరువాత రంగు కాగితం అవసరమే తీరిపోయింది. నీలం కావలెనంటే తక్కిన వెలుగును ఆపి పారేయనక్కరలేదు. నీలపు పలుకులు మాత్రమే వెలిగితే చాలు. రంగుల వెలుగులో ఎల్.ఇ.డి. సాధించిన అద్భుత పొదుపునకు రహస్యం ఇదే.

ఇక చిక్కులు. మొదటిది డిమ్మరు. హాలొజన్ దీపాన్ని మందగించే పాత డిమ్మరు విద్యుత్ తరంగాన్ని సెకనుకు వంద మార్లు ముక్కలుగా కోసి పంపుతుంది. వేడెక్కిన తీగకు ఆ కోత తెలియదు. ఎల్.ఇ.డి. దీపం వెనుక మాత్రం దాని విద్యుత్తును సరిదిద్దే ఎలెక్ట్రానిక్ పరికరం ఉంటుంది. కోతపడిన తరంగం దానికి అందితే దీపం మినుకుమినుకు మంటుంది. కొన్నాళ్లకు పరికరమే పాడవుతుంది. కనుక ఎల్.ఇ.డి.కి డిమ్మరుతో నిమిత్తం లేని నిండు విద్యుత్తు ఒక తీగపై, ఆజ్ఞలు వేరొక తీగపై రావలె. ఈ ఆజ్ఞల భాష డి.ఎమ్.ఎక్స్. 512, 1986లో అమెరికా రంగస్థల సాంకేతికుల సంస్థ దీనిని రూపొందించింది. ఒక తీగపై 512 ఆజ్ఞా మార్గాలుంటవి. ప్రతి దీపానికీ ఒక చిరునామా ఇవ్వాలి. మైకు తీగనే దీనికి వాడుకోవచ్చుననుకోవడం, వరుస చివర 120 ఓముల నిరోధం బిగించడం మరచిపోవడం తరచు జరిగే పొరపాట్లు. అపుడు పాట మధ్యలో దీపాలు తమంత తాము వెలిగి ఆరుతుంటవి. దోషం దీపానిదని యజమాని తలుస్తాడు.

రెండవది వేడి. ఎల్.ఇ.డి. చల్లనిదన్న మాట ముందువైపుకే వర్తిస్తుంది. దాని వేడి వెనుకకు, స్ఫటికం మొదటికి పోతుంది. లోహపు రెక్కలు ఆ వేడిని గాలిలోకి పంపకపోతే దీపం ఆయుష్షు హరించుకుపోతుంది. పాత రేకు డబ్బాలో పట్టే ఎల్.ఇ.డి. బల్బులు బజారులో దొరుకుతవి. గాలి ఆడని డబ్బాలో వాటిని బిగిస్తే ప్రకటించిన 50,000 గంటలు కాగితంపైనే మిగులుతవి. ఆ 50,000 గంటల అర్థమూ గ్రహించవలసినదే. తయారీదారులు సాధారణంగా చెప్పేది దీపం ఆరిపోయే గడువు కాదు. దాని వెలుగు మొదటి వెలుగులో నూటికి డెబ్బది వంతులకు దిగజారే గడువు.

మొగము, పట్టుచీర, జరీ

మూడవ చిక్కు అన్నిటికన్నా సూక్ష్మమైనది. హాలొజన్ వెలుగులో ఊదా మొదలు ఎరుపు వరకు రంగులన్నీ ఎడతెగక ఉంటవి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడే కలిపి చేసిన తెలుపులో నడుమ ఖాళీలుంటవి. కంటికి రెండూ తెలుపే. మనిషి మొగముపై పడినపుడు తేడా తెలుస్తుంది. చామనచాయ బూడిదబారుతుంది; జరీ అంచు బంగారాన్ని విడిచి ఇత్తడిని తలపిస్తుంది. 1969లో కలకత్తా పార్క్ స్ట్రీట్‌లోని ట్రింకాస్ వేదికపై పాడనారంభించిన ఉషా ఉతుప్ కంచిపట్టు చీరతోనే ప్రసిద్ధి పొందారు. ఇటువంటి వేదికపై రంగు తప్పిన వెలుగు గాయని వేషానికే అన్యాయం చేస్తుంది. అందుకనే మంచి దీపాలలో ఈ మూడింటికి తోడు అంబరు, తెలుపు, లేత నిమ్మ రంగు పలుకులు కూడా చేర్చుతున్నారు.

నాలుగవది ఆరిపోయే తీరు. హాలొజన్ దీపం మందగిస్తున్నకొద్దీ పసుపు, నారింజ, ఎరుపు వర్ణాలలోకి దిగి, సూర్యాస్తమయం వలె చల్లారుతుంది. విషాదగీతం చివరి చరణానికి ఆ దిగుడే సగం ప్రాణం. సామాన్యమైన ఎల్.ఇ.డి. రంగు మారకుండా తగ్గి తగ్గి, చివరి మెట్టు వద్ద తటాలున ఆరిపోతుంది. పాత తీగ మందకొడితనాన్ని గణితంతో అనుకరించే దీపాలు నేడున్నవి. వాటి వెల ఎక్కువ. చవక దీపాలలో వెలుగును తగ్గించడానికి పలుకులను అతివేగంగా వెలిగించి ఆర్పుతారు. ఆ వేగం చాలకపోతే కంటికి కనబడని ఆ రెపరెప కెమెరాలో నల్లని చారలుగా బయటపడుతుంది.

వెలుగు కేవలం విద్యుత్తు కాదని ఈ దేశపు రంగస్థలానికి తెలియనిది కాదు. 1959లో ఉత్పల్ దత్ 'అంగార్' నాటకానికి కలకత్తా మినర్వా థియేటర్‌లో తాపస్ సేన్ దీపాలతోనే బొగ్గు గనిని నీట ముంచాడు. వేదికపై నీటిచుక్క లేదు. ప్రేక్షకులు మాత్రం మునిగిపోతున్న కార్మికులను చూశారు. సాధనం ఎటువంటిదైనా దానికి ప్రాణం పోసేది చేయి.

ఈ కారణం చేతనే 2018లో యూరపులో రంగస్థల దీపకళాకారులు ఆందోళన చేశారు. పొదుపు కొరకు యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించిన నియమాలు యథాతథంగా అమలైతే హాలొజన్ దీపాలే గాక, అనేక రంగస్థల ఎల్.ఇ.డి. దీపాలు సైతం నిషిద్ధమయ్యేవి. 2021 సెప్టెంబరు 1 నుంచి వర్తించిన నిబంధనలలో రంగస్థల దీపాలకు మినహాయింపు లభించింది. అయినా ఇళ్లలో, వీథులలో గిరాకీ పోయిన వస్తువును కర్మాగారం ఎల్లకాలం వేదిక కొరకే తయారు చేయదు. మినహాయింపు వలన కొంత వ్యవధి చిక్కింది, మార్పు తప్పలేదు.

తొందరపడని మార్పు

వివేకవంతుడైన యజమాని అన్నిటినీ ఒక్కనాడే దించడు. వెనుకనుంచి, పక్కలనుంచి రంగులు చల్లే దీపాలను ముందుగా మార్చుతాడు; లాభం అక్కడే అధికం, నష్టం స్వల్పం. మొగముపై పడే దీపాలను చివరకు ఉంచుతాడు. కొనే ముందు ఒక్క దీపాన్ని అద్దెకు తెచ్చి, తన వేదికపై, తన గాయని వేషంపై, తన కెమెరా ముందు, అత్యల్ప వెలుగు వరకు దించి చూస్తాడు. సెకనుకు 3 మొదలు 30 వరకు పడే మెరుపులు కొందరికి మూర్ఛ తెప్పించగలవు కనుక, క్షణంలో వెలిగి ఆరే ఈ దీపాల మెరుపు ఆటకు హద్దు పెడతాడు.

మరొక మనిషిని అతడు మరువరాదు. కాలే డబ్బాను చేతితొడుగుతో తిప్పి, జిలెటిన్ కత్తిరించి, నిచ్చెనపై బ్రతుకు గడిపిన లైట్‌మాన్‌కు కొత్త బల్లపై మీటల కన్న అంకెలే ఎక్కువగా కనబడతవి. అతనికి నాలుగు వారాలు నేర్పించడం ఒక దీపం ఖరీదు కూడా కాకపోవచ్చు. చిరునామాలు రాయడం ఎవరైనా నేర్వగలరు. ఏ పాటకు ఏ క్షణాన వెలుగు దించవలెనో అతనికి ముందే తెలుసు. ఆ తెలిసినతనం ఏ దీపంతోనూ పెట్టెలో పెట్టి రాదు.

డి'ఓయిలీ కార్ట్ ఆనాడు దీపాన్ని పగులగొట్టి చూపినది నిప్పు లేదని నమ్మించడానికి. నేటి యజమాని రుజువు చేయవలసినది వేరు. వేడి పోయినా వెచ్చదనం పోలేదని అతడు చూపగలగాలి. ఆ తీర్పు చెప్పేది విద్యుత్ బిల్లు కాదు. చివరి పాటకు వేదికపై నిలిచిన మొగము.