టిక్కు పెట్టినంత తేలిగ్గా ప్రీమియం కట్టరు

ఆరోగ్య బీమాకు జనం ఎంత కడతారో తెలియాలంటే వాళ్లనే అడిగితే సరిపోతుందన్నది ఈమధ్య బాగా చెలామణి అవుతున్న మాట. కాగితం మీద రెండు పాలసీలు చూపిస్తారు. ఒకదానికి ప్రీమియం తక్కువ, ఆస్పత్రులూ తక్కువ. రెండోదానికి రెండూ ఎక్కువ. ఏది కావాలో టిక్కు పెట్టమంటారు. ఆ టిక్కులు లెక్కగట్టి, రేపు ఎంతమంది చేరతారో చెప్పేస్తారు. ఈ జోస్యాన్ని నేను నమ్మను.

శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ట్రిప్పు కోసం కాచుకున్న క్యాబ్ డ్రైవర్‌ని అడిగి చూడండి. ఎక్కువ కవరేజీ ఉన్నదే మంచిదంటాడు. మనసులో మాటే చెబుతాడు. కానీ డబ్బు కట్టాల్సిన రోజున అతని ముందుండేవి ఆ రెండు పాలసీలు కావు. బండి ఈఎంఐ, పిల్లల ఫీజు, డీజిల్ ఖర్చు. రేషన్ కార్డుంటే ఆరోగ్యశ్రీ ఉందిలే అన్న ధీమా ఒకటి. 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు కూడా. ఇంట్లో ఎవరికైనా షుగరుంటే, పాత జబ్బులకు 3 ఏళ్ల దాకా ఆగాలనే షరతు అడ్డొస్తుంది. ఇక అక్కడే సామాన్లు ఎత్తే కాంట్రాక్టు లోడర్ సంగతి వేరు. ఈఎస్ఐ వర్తించే చోట జీతం 21 వేలు దాటకపోతే 0.75 శాతం చేతికి రాకముందే కోసేస్తారు. అతన్ని ఏది ఎంచుకుంటావని అడగడంలో అర్థమే లేదు.

నిజంగా పాలసీ చేతికిచ్చి చూసిన ప్రయోగం పక్కనే కర్ణాటకలో జరిగింది. గుల్బర్గా, మైసూరు ప్రాంతాల్లో రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనను ఉచితంగా ఇస్తామన్నా దాదాపు 79 శాతం కుటుంబాలే చేరాయి. డబ్బు కట్టమంటే సుమారు 60 శాతం. చేరినవాళ్లలోనూ చాలామంది ఆస్పత్రిలో కార్డు వాడబోయి వాడలేకపోయారు. ఉచితంగా వచ్చేదాన్ని ఎందుకు వద్దనుకున్నారో, చేతిలో కార్డుండీ ఎందుకు అక్కరకు రాలేదో టిక్కుల కాగితం చెప్పలేదు.

ఇంకా పుట్టని పాలసీ గురించి అడగక ఏం చేస్తామంటారు సర్వే పక్షంవాళ్లు. జనానికి ఏ సదుపాయం ముఖ్యమో తెలుసుకోవడానికి అడగండి, తప్పులేదు. ఎంతమంది డబ్బు తీస్తారన్నది మాత్రం ఆ జవాబుల్లోంచి లాగకండి. ముందు శంషాబాద్ చుట్టుపక్కల రెండు ఊళ్లలో అసలు ధరకే అమ్మండి. ఏడాది తిరిగాక ఎంతమంది రెన్యూవల్ చేశారో, ఎన్ని క్లెయిములు చెల్లించారో చూడండి. ఆ లెక్క చేతికొచ్చాకే ప్రీమియం ఖరారు చేయండి.