పర్యాయపదాల వెనుక

ఒకే మాట పదేపదే వస్తే రచన పేలవమవుతుందని, పర్యాయపదాలు వాడమని బడిలో మనందరికీ నేర్పారు. స్త్రీలు తమపై జరిగిన హింస గురించి చెప్పిన మాటల్ని తిరగరాసేటప్పుడు మాత్రం ఈ సలహా ప్రమాదకరమని నా అభిప్రాయం. ఈ విషయంలో మనం పర్యాయపదాలనుకునేవి ఒకే అర్థాన్నివ్వవు.

‘మానభంగం’ అన్నప్పుడు పోయింది ఆమె మానం. ‘చెరచడం’లో చెడిపోయింది ఆమె. ‘బలాత్కారం’ అతను చేసిన పనిని ముందుకు తెస్తుంది గానీ, ఒంటిమీద గాయాలేవని అడిగేవారికి అవకాశమూ ఇస్తుంది. ‘అత్యాచారం’ దళితులపై జరిగే దాడులన్నిటికీ వర్తించే మాట కూడా. ఏది వాడాలో తేల్చాల్సింది జరిగిన నేరమే తప్ప వాక్యం అందం కాదు.

ఒక్క మాట తేడా ఎంత దూరం పోతుందో మథుర కేసు చెబుతుంది. 1972లో మహారాష్ట్రలోని ఒక పోలీసుస్టేషన్లో ఆ ఆదివాసీ అమ్మాయిపై పోలీసులు అత్యాచారం చేశారు. భయంతో లొంగిపోవడం అంగీకారం కాదని హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు నిందితులను విడుదల చేసింది. లొంగుబాటు వేరు, అంగీకారం వేరు అంటూ 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా స్త్రీలు ఉద్యమించారు. 1983లో చట్టం మారింది. శారీరకంగా ప్రతిఘటించనంత మాత్రాన అంగీకరించినట్టు కాదని చట్టంలో స్పష్టంగా రాయడానికి మాత్రం 2013 దాకా ఆగాల్సి వచ్చింది.

కోర్టు దాకా పోకముందే, ఫిర్యాదు కాగితం మీదే మాటలు మారిపోతాయి. ‘ఈడ్చుకెళ్లాడు’ అని ఆమె చెబుతుంది. రాసేవారి చేతిలో అది ‘తీసుకెళ్లాడు’ అవుతుంది. సాఫుగా రాసేసరికి ‘వెంట వెళ్లింది’ అవుతుంది. ‘కొట్టాడు’ కాస్తా ‘గొడవపడ్డారు’ అయితే నేరం తగాదాగా మారుతుంది, అందులో ఆమెకూ వాటా వస్తుంది.

నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసులు రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. పాత చట్టంలో 154వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్ చెప్పేది ఇదే. మన కార్యకర్తలు బాధితురాలికి తోడుగా వెళ్లినప్పుడు ఈ చదివి వినిపించడం దగ్గర పట్టుబట్టాలి. ఆమె అనని మాట ఉంటే దిద్దించాకే సంతకం పెట్టించాలి.

మనమూ ఈ పద్ధతే పాటించాలి. ఈ పత్రికకు రాసే మిత్రులకు నా విజ్ఞప్తి: ఆమె తన యాసలో చెప్పిన మాటను అలాగే ఉంచండి. చేసినవాడిని వాక్యంలోంచి తప్పించకండి. రాసింది ఆమెకు చదివి వినిపించండి. ఒకే మాట పదిసార్లు వచ్చినా ఫరవాలేదు. అలాంటి పేలవత్వాన్ని మా పాఠకులు భరిస్తారు.