తలదీపము నెన్నుకొనుటను గూర్చి

మన ఆదోని కోట ఐదు కొండలపై నున్నదని బాలురందఱు నెఱుగుదురు. వానిలో బారాకిల్లా, తాలిబండ యను రెండును మైదానమునకు సుమారు 800 అడుగుల యెత్తున నున్నవి. వేసవిలో ప్రొద్దెక్కినకొలది ఆ బండలు కాగి చేయి మోపనీయవు. కావున చీకటితోనే యెక్కుటయు, సాయంకాల మెక్కినవారు చీకటిలో దిగుటయు నిచట తప్పదు. దీపమును తలకు కట్టుకొనినచో రెండు చేతులును బండలు పట్టుకొనుటకు మిగులును. ఇది మనవారికి క్రొత్త కాదు. ఎమ్మిగనూరు వైపు రాత్రివేళ పొలమునకు నీరు కట్టు రైతులు తలకు బ్యాటరీ లైటు తగిలించుకొనుట చూచుచునే యున్నాము.

అట్టి దీపమును కొనునపుడు పిల్లలు మొదట నడుగునది “ఎన్ని ల్యూమెనులు?” అని. మేమును ఒకప్పుడట్లే యడిగి మోసపోతిమి. అట్టపెట్టెపై పెద్ద సంఖ్య యున్నదానిని కొని, కొందఱు విద్యార్థులతో కొండ యెక్కితిమి. దిగునపుడు సగము దారిలో నది మినుకుమని యారిపోయెను. ఒక చిన్నవాడు బండసందున కాలు జాఱి మడమ బెణికించుకొనగా తక్కినవారు వానిని మోసికొని వచ్చిరి. ఆ రాత్రి వాని తల్లి మమ్ము ఒక్క మాటయు ననలేదు. అదియే మాకు నేటికిని బాధ.

పెట్టెపై వ్రాసిన గంటల నెట్లు చదువవలయునో మాకప్పుడు తెలియదు. ఎఫ్.ఎల్.1 అను ప్రమాణము ప్రకారము, వెలుగు మొదటిదానిలో పదియవ వంతునకు తగ్గువఱకు పట్టు కాలమే ఆ గంటలు. 10 గంటలని యున్న దీపము తొలి గంటలోనే సగము తగ్గినను ఆ మాట చెల్లును! పైగా ల్యూమెనులు హెచ్చు వెలుగునకును, గంటలు తక్కువ వెలుగునకును వ్రాయుట కలదు.

కొండదారికి 200 మొదలు 300 ల్యూమెనులు చాలునని మా యభిప్రాయము. వెలుగును తగ్గించుకొను మీట అంతకంటె ముఖ్యము. ఎఱ్ఱని వెలుగు కూడ నుండిన మేలు. తెల్లని వెలుగు తగిలిన కన్ను మరల చీకటికి చక్కగా నలవడుటకు ఇంచుమించు అరగంట పట్టును. అయితే పాములు, తేళ్లు తిరుగు దారిలో నడచునపుడు తెల్లనిదే వాడవలయును.

ఇంకొకటి. నొసటిదీపము కంటికి దగ్గఱగా నుండుటచే రాళ్ల నీడలు మనకు కనబడవు. గుంటయు సమతలమువలె తోచును. అందుచే దిగునపుడు మేము దానిని నడుమునకు కట్టుకొందుము. చూచువారు నవ్వుదురు, నవ్వనిండు.

చలిదేశములవారు మంచులో బ్యాటరీ నీరసించునని వ్రాయుదురు. మనకు శత్రువు ఎండ. ఎండలో నిలిపిన కారులోనో, రేకుల కప్పు క్రిందనో వదలిన లిథియము బ్యాటరీ త్వరగా చెడును. ఛార్జి చేయుదానిని కొనినను, అది మామూలు సెల్లులతోడను పనిచేయు రకమైనచో ఉత్తమము. అవి చిల్లర యంగడిలోనైనను దొరకును.

ఈ యేడు మాతో కొండకు వచ్చువారు వారము ముందుగా తమ దీపమును ఇంటియొద్ద వెలిగించి, నిజముగా నెంతసేపు వెలుగునో గడియారముతో చూచి, కాగితముపై వ్రాసి తేవలెను. కాగితము లేనివానిని మేము కొండ యెక్కనీయము.